బలం చెప్పారు, విరిగే తీరు కూడా చెప్పండి: కార్బన్ ఫైబర్ తయారీదారులకు బహిరంగ లేఖ

కార్బన్ ఫైబర్ వస్తువులు తయారుచేసే, అమ్మే సంస్థల వారికి,

నమస్కారం.

మీరు చేసిన సైకిల్ ఫ్రేములు, పడవ తెడ్లు, డ్రోన్ చేతులు, కారు ప్యానెళ్లు దెబ్బతిన్నప్పుడు బాగుచేసేవాళ్లలో నేనొకణ్ణి. పెట్టెలోంచి తీసినప్పుడు ఆ వస్తువు ఎంత ముచ్చటగా ఉంటుందో మీకు తెలుసు. విరిగి మా బల్ల మీదికి వచ్చినప్పుడు దాని లోపల ఏముందో మేం చూస్తాం. పట్టుకొచ్చినవాళ్లు తరచుగా అడిగేది ఒకటే: "స్టీలు కంటే ఐదు రెట్లు బలం అన్నారు కదండీ, ఇంత చిన్న దెబ్బకే ఎలా పోయింది?" దీనికి జవాబు చెప్పాల్సింది మీరు. అదీ అమ్మేటప్పుడే చెప్పాల్సింది. అందుకే ఈ ఉత్తరం మీకు, అందరూ చదివేలా రాస్తున్నాను.

ఈ పదార్థం మీద నాకు కోపం లేదు, ప్రేమే ఉంది. ఒక్కో పోగు మందం 5 నుంచి 7 మైక్రాన్లు, అంటే తల వెంట్రుకలో దాదాపు పదో వంతు. పాలీయాక్రిలోనైట్రైల్ అనే దారాన్ని ముందు గాలిలో 200 నుంచి 300 డిగ్రీల వేడికి స్థిరపరుస్తారు. తర్వాత ఆక్సిజన్ తగలకుండా నైట్రోజన్ మధ్య 1000 డిగ్రీలు దాటేదాకా కాలుస్తారు. దాదాపు సగం బరువు వాయువులుగా పోయి, చివరికి మిగిలేది ఇంచుమించు కార్బన్ ఒక్కటే. ఘన సెంటీమీటరుకు దాని బరువు సుమారు 1.8 గ్రాములు, స్టీలుది 7.85. 1958లో అమెరికాలోని యూనియన్ కార్బైడ్ ప్రయోగశాలలో రోజర్ బేకన్, ఆ తర్వాత కొద్దికాలానికే జపాన్‌లో అకియో షిండో, 1960లలో ఇంగ్లండ్‌లోని ఫార్న్‌బరో పరిశోధకులు చేసిన పనే దీనికి పునాది.

దీనివల్ల మనుషులకు జరిగిన మేలు చిన్నది కాదు. 1981లో ఇటలీలోని మోంజా రేసులో జాన్ వాట్సన్ నడుపుతున్న మెక్‌లారెన్ కారు గట్టుకు గుద్దుకుని రెండు ముక్కలైంది, ఇంజను ఊడి దూరంగా పడింది. కార్బన్ ఫైబర్ తొట్టిలో కూర్చున్న డ్రైవరు మాత్రం దిగి నడిచి వెళ్లాడు. రేసు కార్లకు ఈ పదార్థం పనికిరాదు, గుద్దితే పొడి అవుతుంది అని అప్పటిదాకా వాదించినవాళ్లకు అదే జవాబు అయింది. బోయింగ్ 787 విమానం బరువులో సగం ఇలాంటి కాంపోజిట్లే, అంటే పోగులను జిగురులాంటి రెసిన్‌తో అతికించి చేసినవే. ఆ మేను లోహపు మేనులా పదేపదే ఉబ్బి కుంచించుకునే అలసటకు తేలిగ్గా లొంగదు. కాబట్టి లోపలి గాలి ఒత్తిడిని మామూలుగా ఉండే 8,000 అడుగుల ఎత్తు స్థాయిలో కాకుండా 6,000 అడుగుల స్థాయిలోనే ఉంచగలుగుతున్నారు. సుదూర ప్రయాణంలో తలనొప్పి, అలసట తగ్గాయంటే ఈ పోగుల పుణ్యం అందులో ఉంది. ఎక్స్‌రే గదిలో రోగి పడుకునే బల్ల పైపలకను కూడా తరచుగా దీంతోనే చేస్తారు, ఎందుకంటే కిరణాలను అది చాలా తక్కువగా అడ్డుకుంటుంది. తానే ఒక కాలు పోగొట్టుకున్న వాన్ ఫిలిప్స్ 1980లలో తయారుచేసిన కృత్రిమ పాదం అడుగు వేసినప్పుడు వంగి, ఆ శక్తిని దాచుకుని, కాలు లేపేటప్పుడు తిరిగి ఇస్తుంది. కాలు లేని మనిషి పరుగెత్తడానికి కారణమైన పదార్థాన్ని ఎవరైనా ఎలా తిట్టగలరు?

నా ఫిర్యాదల్లా మీరు దాన్ని అమ్మే తీరు మీద.

మొదట ఆ "ఐదు రెట్లు" సంగతి చూద్దాం. ఆ అంకె పోగుది, వస్తువుది కాదు. టి700 రకం పోగును లాగితే అది 4900 మెగాపాస్కల్ (ఒత్తిడికి కొలత) దాకా ఆగుతుంది. నిర్మాణాలకు వాడే మామూలు స్టీలు 400, 500 దగ్గర తెగిపోతుంది. ఈ లెక్కన ఐదు కాదు, పది రెట్లు అని కూడా రాసుకోవచ్చు. కానీ ఉత్త పోగు మీద కూర్చుని ఎవరూ సైకిలు తొక్కరు. పోగులను ఎపాక్సీ రెసిన్‌తో అతికిస్తేనే వస్తువు అవుతుంది. ఘనపరిమాణంలో 60 శాతం పోగు, 40 శాతం రెసిన్ అనుకుంటే, అన్ని పోగులూ ఒకే దిక్కున ఉన్నప్పుడు, అదే దిక్కున లాగితే బలం 2500 చుట్టుపక్కల ఉంటుంది. నిజమైన వస్తువు మీద బరువు ఒకే దిక్కు నుంచి రాదు కాబట్టి పొరలను నిలువుగా, అడ్డంగా, ఏటవాలుగా పేరుస్తారు. అప్పుడు ఏ ఒక్క దిక్కున చూసినా బలం వెయ్యి లోపుకు దిగుతుంది.

ఇక ఒకే దిక్కు పోగులున్న పొరను అడ్డంగా లాగితే ఏమవుతుంది? 50 నుంచి 80 మెగాపాస్కల్‌కే విడిపోతుంది. మామూలు స్టీలు శాశ్వతంగా వంగడం మొదలయ్యేదే 250 దగ్గర. అంటే ఆ దిక్కున మీ అద్భుత పదార్థం స్టీలు బలంలో మూడో వంతు కూడా లేదు. వెదురు బొంగును అడ్డంగా విరవాలంటే కష్టం, నిలువునా చీల్చాలంటే కత్తి మొన పెడితే చాలు. ఇదీ అంతే.

దృఢత్వం, అంటే వంగకుండా నిలిచే గుణం విషయంలోనూ ఇదే కథ. అన్ని దిక్కులకూ సమానంగా పేర్చిన కార్బన్ పలక దృఢత్వం సుమారు 50 గిగాపాస్కల్, అల్యూమినియంది 70. కార్బన్ పలక తేలిక కాబట్టి బరువుకు తగ్గ లెక్క వేస్తే ఇంకా అదే ముందుంటుంది, కానీ కొద్దిగా మాత్రమే. అసలు లాభమంతా బరువు ఎటు పడుతుందో తెలుసుకుని పోగులను అటు పడుకోబెట్టడంలో ఉంది. అంటే గొప్పతనం పదార్థానిది ఎంతో, పొరలు పేర్చిన మనిషి తెలివిది కూడా అంతే. మీ ప్రకటనల్లో ఆ మనిషి ఎక్కడా కనిపించడు. "కార్బన్" అని పేద్ద అక్షరాలు మాత్రం ఉంటాయి.

ఆ పేద్ద అక్షరాల కింద అసలు ఎంత కార్బన్ ఉందో కూడా మీరు చెప్పరు. గళ్లగళ్లుగా మెరిసే అల్లిక చూసి జనం అదే బలం అనుకుంటారు. చాలా వస్తువుల్లో ఆ అల్లిక పైన అందానికి వేసిన ఒక్క పొరే. భారం మోసేవి దాని కింద అల్లిక లేకుండా తిన్నగా పరుచుకున్న పొరలు. అల్లితే పోగు పైకీ కిందికీ వంకర తిరుగుతుంది, ఆ మేరకు దృఢత్వం తగ్గుతుంది. కొన్నిటిలో పైపొర కింద ఉండేది గాజు పోగు. అది తప్పేమీ కాదు, కొన్నిచోట్ల గాజు పోగే మేలు, ఎందుకంటే అది విరగకుండా ఎక్కువ సాగుతుంది. కానీ డబ్బు పెట్టి కొనేవాళ్లకు ఆ విషయం తెలియాలి కదా. ఇక ఆ గళ్ల బొమ్మ అచ్చేసిన ప్లాస్టిక్ ఫిల్మ్ అంటించి, పేరులో "కార్బన్" చేర్చి అమ్మేవాళ్ల గురించి నేను ఎక్కువ రాయను. అది మోసం, అంతే.

ఇప్పుడు నా అసలు మాటకు వస్తాను. ఈ పదార్థం విరిగే తీరు లోహాలకు పూర్తిగా వేరు. మామూలు స్టీలు తెగేలోపు తన పొడవులో ఐదో వంతు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ సాగుతుంది. వంకర పోతుంది, సొట్ట పడుతుంది, రంగు పెచ్చులు ఊడుతుంది. "నన్ను వాడకు" అని కంటికి చెబుతుంది. కార్బన్ పోగు సుమారు రెండు శాతం సాగేసరికే తెగిపోతుంది. నిన్నటిదాకా నిటారుగా ఉన్న హ్యాండిల్ ఇవాళ చేతిలో రెండు ముక్కలు అవుతుంది.

అంతకంటే ప్రమాదం, పైకి కనిపించని దెబ్బ. పనిముట్టు జారి పడినా, సైకిలు గోడకు ఒరిగి పడినా, రాయి ఎగిరి తగిలినా, పైన చిన్న గీత కూడా పడకపోవచ్చు. లోపల మాత్రం దెబ్బ కిందికి దిగే కొద్దీ వెడల్పవుతూ పొరలు ఒకదాన్నుంచి ఒకటి విడిపోతాయి. ఎక్కువ నష్టం దెబ్బ తగిలిన వైపు కాక అవతలి వైపు, మనకు కనపడని లోపలి గోడ మీద ఉంటుంది. అలా విడిపోయిన చోట లాగితే ఇంకా కొంత ఆగుతుంది కానీ, నొక్కితే పలచటి పొరలు విడివిడిగా మడతపడి పోతాయి. నొక్కుడును తట్టుకోవాలంటే పోగు వంకర పోకుండా రెసిన్ పట్టుకుని ఉండాలి, పొరకు పొర ఆసరా కావాలి. ఆ ఆసరా పోయాక పోగుకు ఎంత బలం ఉన్నా దండగే.

విమానాలు తయారుచేసేవాళ్లు ఇది దాచుకోలేదు. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ 2009లో విడుదల చేసిన ఏసీ 20-107బి అనే మార్గదర్శక పత్రం కాంపోజిట్ భాగాలకు తగిలే దెబ్బలను ఐదు తరగతులుగా విడదీసింది. మొదటి తరగతిలోనే, తనిఖీలో కంటికి దొరకని దెబ్బ ఉన్నా సరే ఆ భాగం జీవితాంతం పూర్తి డిజైన్ బలాన్ని నిలుపుకోవాలి అని ఉంది. కనిపించని దెబ్బ ఉండదు అనుకోలేదు, ఉంటుందనుకునే లెక్క వేశారు. ఎక్కడైనా అనుమానం వస్తే అల్ట్రాసౌండ్ యంత్రం తెచ్చి చూస్తారు. కృత్రిమ కాళ్లకూ ఇలాంటి శ్రద్ధ ఉంది: ఐఎస్ఓ 10328 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం లక్షల సార్లు బరువు వేసి తీసి పరీక్షిస్తారు. అగ్నిమాపక సిబ్బంది వీపున మోసే కార్బన్ చుట్టిన గాలి సిలిండర్ల మీద తయారీ తేదీ ముద్రించి ఉంటుంది. అమెరికాలో వాటికి సాధారణంగా 15 ఏళ్ల ఆయుష్షు నిర్ణయించి, ఐదేళ్లకోసారి నీటి ఒత్తిడితో పరీక్ష పెడతారు. కాబట్టి "ఇలాంటివి చెప్పడం కుదరదు" అని మీరు అనలేరు. ప్రాణం పోతుందని తెలిసిన చోట చెప్పడం ఎలాగో ఈ పరిశ్రమకు ఎప్పుడో తెలుసు. సైకిలు మీద కొండ దిగేవాడిదీ ప్రాణమే.

ఈ పదార్థం ఎలా విరుగుతుందో పట్టించుకోకపోతే ఏమవుతుందో చరిత్రలో ఉంది. రోల్స్‌రాయిస్ కంపెనీ తన ఆర్‌బీ211 విమాన ఇంజనుకు హైఫిల్ అనే కార్బన్ ఫైబర్ ఫ్యాన్ బ్లేడ్లు పెట్టాలనుకుంది. తేలికదనం లెక్కలన్నీ బాగున్నాయి. 1970లో పక్షి ఢీకొనే పరీక్షలో ఆ బ్లేడ్లు ముక్కలయ్యాయి. టైటానియానికి మారక తప్పలేదు. ఆ ఇంజను మీద పెరిగిపోయిన ఖర్చుతో 1971 ఫిబ్రవరిలో కంపెనీయే దివాలా తీసింది. పాతికేళ్ల తర్వాత 1995లో జనరల్ ఎలక్ట్రిక్ వారి జీఈ90 విమాన ఇంజను కార్బన్ బ్లేడ్లతోనే ఎగిరింది. దెబ్బ తగిలే ముందు అంచుకు టైటానియం తొడుగు వేశారు, పగుళ్లు తేలిగ్గా పాకని గట్టి రెసిన్ వాడారు. అదే పోగు, అదే పని. తేడా ఏమిటంటే ఈసారి డిజైను బలం దగ్గర మొదలవలేదు, విరిగే తీరు దగ్గర మొదలైంది.

2023 జూన్‌లో సముద్రంలో నలిగిపోయిన టైటన్ జలాంతర్గామి సంగతి తలచుకుంటే ఇప్పటికీ మనసు బరువెక్కుతుంది. సముద్రంలో వేల మీటర్ల లోతున చుట్టూ నీరు నొక్కే చోట, అంటే కార్బన్ పోగుకు బలం తక్కువైన దిక్కున, దాంతో గొట్టం చేసి రెండు కొసలకు టైటానియం మూతలు అంటించారు. 2022లో ఒక డైవ్ ముగిసేటప్పుడు పెద్ద శబ్దం వినిపించిందని, ఆ తర్వాత సెన్సర్ల కొలతలు మారాయని దర్యాప్తులో తేలింది. అయినా వాడారు. ఐదుగురు చనిపోయారు. పదార్థం తన పద్ధతిలో హెచ్చరించింది. వినాల్సినవాళ్లు దాన్ని హెచ్చరికగా తీసుకోలేదు.

మీ వస్తువులు అంత లోతుకు వెళ్లవు, నిజమే. కానీ చిన్న విషయాల్లోనే ఎక్కువ నష్టం జరుగుతోంది. బోల్టు బిగింపునే తీసుకోండి. మేం చూసే పగుళ్లలో పడిపోవడం వల్ల వచ్చినవి ఎన్నో, ఎక్కువ బిగించడం వల్ల వచ్చినవీ అన్ని. సీటు గొట్టం బిగించే బోల్టుకు 5 న్యూటన్ మీటర్లు చాలన్నప్పుడు, కొలత లేని రెంచితో బలమంతా పెట్టి తిప్పితే గొట్టం లోపలికి నలిగిపోతుంది. లోహమైతే కాస్త నొక్కుకుని సర్దుకుంటుంది, ఇది సర్దుకోదు. జారుతోందని ఇంకో చుట్టు బిగిస్తారు పాపం. గరుకు రేణువులు కలిపిన పేస్టు రాస్తే తక్కువ బిగింపుతోనే పట్టు వస్తుందని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. కొందరు మంచి తయారీదారులు ఆ అంకెను భాగం మీదే ముద్రిస్తున్నారు. మిగతావాళ్లు 40 పేజీల పుస్తకంలో, న్యాయ హెచ్చరికల మధ్య దాస్తున్నారు.

అలాగే అల్యూమినియం జోడింపు. కార్బన్ విద్యుత్తును పోనిస్తుంది. ఉప్పునీరో చెమటో చేరితే, దాన్ని తాకి ఉన్న అల్యూమినియం బ్యాటరీలో పలకలాగా తినుకుపోతుంది. తెల్లని పొడి పట్టి, ఉబ్బి, కార్బన్ గొట్టాన్ని లోపల్నుంచి పగలగొట్టిన సందర్భాలు ఉన్నాయి. మధ్యలో గాజు పోగు పొర ఒకటి వేస్తే చాలావరకు ఆగుతుంది. 787లో బరువు లెక్కన 15 శాతం టైటానియం ఉండటానికి ఒక కారణం ఇదే, కార్బన్ పక్కన అది తుప్పుకు లొంగదు. మీ ఇంజనీర్లకు ఇవన్నీ తెలుసు. కొన్నవాడికి "ఏడాదికోసారి ఈ జోడింపు విప్పి చూడండి" అని ఒక్క వాక్యం రాయడానికి ఏం అడ్డం?

మరమ్మతు విషయం చెప్పకుండా ఉండలేను. విరిగిన కార్బన్ భాగం చాలాసార్లు బాగవుతుంది. దెబ్బతిన్న చోట పొరపొరగా ఏటవాలుగా అరగదీసి, మందం ఒక మిల్లీమీటరుకు 20 నుంచి 50 మిల్లీమీటర్ల వాలు ఇచ్చి, పాత పొరలు ఏ దిక్కున ఉన్నాయో కొత్తవీ అదే దిక్కున వేసి, గాలి తీసేసిన సంచిలో వేడి పెట్టి గట్టిపరచాలి. అలా చేయాలంటే రెండు సంగతులు తెలియాలి: పొరలు ఏ వరుసలో ఉన్నాయి, రెసిన్ ఎంత వేడికి మెత్తబడుతుంది. ఇవి చెప్పమని ఒక సంస్థను రాసి అడిగితే "మరమ్మతు చేయకండి, భాగం మార్చండి" అని ఒక్క ముక్కలో జవాబు వచ్చింది. వ్యాపార రహస్యం అంటారు. మీ రహస్యం నాకొద్దు. ఆ ఒక్క చోట, ఆ ఒక్క భాగానికి ఎన్ని పొరలు, ఏ కోణాల్లో ఉన్నాయో చెబితే చాలు. అది తెలియక ఊహించి చేసే మరమ్మతు కంటే తెలిసి చేసేది క్షేమం. బాగుచేయకూడని భాగాలు కూడా ఉంటాయి, సైకిల్ ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు మెడలాంటివి. అవేవో మీరే స్పష్టంగా చెబితే మేమే వెనక్కి పంపేస్తాం.

కొనుక్కున్నవాళ్లకు ఈలోగా ఒక మాట, వాళ్లూ ఇది చదువుతారు కాబట్టి. దెబ్బ తగిలిన చోట, దాని చుట్టూ నాణెంతో మెల్లగా తట్టి వినండి. మంచి చోట ఖణేల్‌మంటుంది, పొరలు విడిన చోట మొద్దుగా మోగుతుంది. మందం మారే చోట, అతుకుల దగ్గర మంచి భాగం కూడా వేరుగా మోగుతుంది, కాబట్టి రెండో వైపు అదే చోట తట్టి పోల్చండి. శబ్దం బాగుంది కదా అని భరోసా పెట్టుకోకండి, బాగోలేకపోతే మాత్రం వెంటనే వాడటం ఆపేయండి. విరిగిన అంచులు చేతికి గుచ్చుకుంటాయి, ఆ ముళ్లు తీయడం మహా కష్టం. ఇంట్లో రంపంతో కోయాల్సి వస్తే తడిపి కోయండి, మాస్కు పెట్టుకోండి. ఆ దుమ్ములో కరెంటు పారుతుంది, దగ్గర్లో ఎలక్ట్రానిక్ వస్తువులుంటే షార్టు అవుతాయి.

చివరగా, పనికిరాకుండా పోయినవాటి సంగతి. ఎపాక్సీ ఒకసారి గట్టిపడితే మళ్లీ కరగదు. స్టీలులా కొలిమిలో వేసి కొత్తది పోయలేం. గాలి లేకుండా వేడిచేసి రెసిన్‌ను పోగొట్టి పోగులను వెనక్కి తీసే పద్ధతి ఉంది. పోగు బలం చాలావరకు మిగులుతుంది కానీ పొడవు పోతుంది, కాబట్టి చిన్న ముక్కలుగా వేరే పనులకు వాడతారు. కొత్త పోగు తయారీకి అయ్యే శక్తి ముందు దీనికి అయ్యేది చాలా తక్కువ. కానీ విరిగిన ఫ్రేము ఒక్కటి పట్టుకుని మామూలు మనిషి ఏ ఫ్యాక్టరీకి వెళ్తాడు? అమ్మిన దుకాణమే వెనక్కి తీసుకుని, పోగుచేసి పంపే ఏర్పాటు మీరే చేయాలి. అమ్మడానికి ఉన్న దారే తిరిగి తేవడానికీ పనికొస్తుంది.

నేను అడిగేవాటికి కొత్త పరిశోధన ఏమీ అక్కర్లేదు. ప్రతి భాగం మీద తయారీ తేదీ, బిగింపు అంకె చెరిగిపోకుండా ముద్రించండి. బలం గురించి అంకె వేస్తే అది పోగుదో, పూర్తయిన వస్తువుదో రాయండి. కార్బన్ ఎంత, గాజు ఎంతో చెప్పండి. ఎలాంటి దెబ్బ తర్వాత వాడటం ఆపాలో, ఎక్కడ చూడాలో ఒక్క పేజీలో, బొమ్మలతో, కొనేవాళ్ల భాషలో ఇవ్వండి. మొదటి రెండూ వచ్చే విడత అచ్చుల్లోంచి తీసే వస్తువులతోనే మొదలుపెట్టొచ్చు.

ఆ పేజీ రాయడానికి మీలో ఏ సంస్థ ముందుకొచ్చినా మాలాంటివాళ్లం కూర్చుని సాయం చేస్తాం. మా దగ్గర పోగైన విరిగిన ముక్కలు కూడా ఇస్తాం, ఏది ఎక్కడ మొదలై ఎటు పాకిందో ప్రతిదాని మీదా రాసిపెట్టాం.

ఇట్లు,
కార్బన్ భాగాలు బాగుచేసే ఒక పనివాడు